పంది అనుకుంటేనే కరెంటు

ఫిబ్రవరి 8, శనివారం

అన్నయ్య ఇవాళ బద్యాను కొట్టాడు. చెంప మీద ఒకటి, కింద పడ్డాక డొక్కలో ఇంకొకటి. నేను గొడ్లపాకలో నా ఊక బస్తాకు గుద్దులు వేస్తున్నాను. చప్పుడు విని బయటికి వచ్చేసరికి బద్యా లేచి తువ్వాలు దులుపుకుంటున్నాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. నన్ను చూసి నవ్వబోయాడు. ఏళ్ళుగా మా దగ్గర జీతం చేస్తూ, నన్ను భుజాన ఎక్కించుకుని బడికి మోసుకెళ్ళిన మనిషి, నా కళ్ళ ముందు దెబ్బలు తిన్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడాల్సిన మనిషి లోపలికి వెళ్ళి కాఫీ అడిగాడు.

గొడవంతా అడవిపందుల గురించే. రాత్రి మంద దిగి తూర్పు మూల మొక్కజొన్న మొత్తం దున్నేసింది. ఒకటి గుంటలో ఇరుక్కుంటే పొద్దున్నే అన్నయ్య గడ్డపారతో పొడిచి పొడిచి చంపాడు. అది చాలాసేపు అరిచింది. చొక్కా నిండా నెత్తురుతోనే వచ్చి చేను చుట్టూ కరెంటు తీగ కట్టమని బద్యాకు చెప్పాడు.

బద్యా కట్టనన్నాడు. పక్క ఊళ్ళో నిరుడు అలాంటి తీగ తగిలి మేకలు కాసుకునే మనిషి పోయాడు. తీగ కట్టమన్న ఆసామి ఇంట్లో ఫ్యాను కింద ఉన్నాడు, కట్టిన జీతగాడు జైల్లో ఉన్నాడు.

"కట్టేది నేను, జైలుకు పోయేది నేను. మనిషి సచ్చినంక నాకు నిద్ర వడ్తదా కృష్ణబాబూ? నేను కట్ట."

దానికి ఆ చెంపదెబ్బ.

నాన్న అరుగు మీద పేపరు మడిచి, "వాడికి నోరెక్కువైందిలే" అన్నాడు. మా తాత కృష్ణా జిల్లా నుంచి పెట్టె బేడా సర్దుకుని వచ్చి ఇక్కడ అడవి అంచున పొలం కొన్నప్పటి నుంచి, మా ఇంట్లో ఇలాంటి మాటకు ఎదురు లేదు. నేనూ ఎదురు చెప్పలేదు. వెళ్ళి బస్తాను మళ్ళీ గుద్దాను, వేళ్ళ కణుపులు చీరుకుపోయేదాకా.

ఫిబ్రవరి 9

రాత్రంతా ఆలోచించాను. నా ఉద్యోగమే ఇది కదా. హైదరాబాదు కంపెనీకి ఇక్కడి నుంచే పనిచేస్తున్నాను. గోడౌన్లలో కెమెరాలు పెట్టి, హెల్మెట్ పెట్టుకున్నది ఎవరో, పెట్టుకోనిది ఎవరో చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. సరదాకి కూడా అదే పని. చిన్న చిన్న బోర్డులు సోల్డరింగు చేసి కెమెరాలు తయారుచేసి అడవి అంచున చెట్లకు కడతాను. ఎలుగుబంటి, బావురుపిల్లి, ముళ్ళపంది, అన్నీ నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. మనిషికి, పందికి తేడా చెప్పడం ఎంత పని.

తీగలో మామూలుగా కరెంటు ఉండదు. గట్టు మీద కెమెరా చూస్తూ ఉంటుంది. పంది అనుకుంటేనే కరెంటు. మనిషి కనపడితే చచ్చినా రాదు.

బద్యాకు చెప్పాను. వాచిన పెదవితో చాలాసేపు విన్నాడు.

"మనిషిని మనిషని గుర్తు వడ్తదా పాపా?"

"పడుతుంది. మాట ఇస్తున్నా బద్యా. ఈ తీగకు మనిషి చావడు. నువ్వు జైలుకు పోవు."

"అన్న మాట మీద కట్ట. నీ మాట మీద కడ్త" అన్నాడు.

ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆఫీసులో మూడేళ్ళుగా ఎవరూ నాతో అంత నమ్మకంగా మాట్లాడలేదు.

ఫిబ్రవరి 15

మిషన్‌కు మనుషుల ఫోటోలు నేర్పాలి. వాళ్ళ తండా నుంచి కొంతమందిని పంపమని బద్యాకు చెప్పాను. "ఫోటో" అన్నాడో ఏమో, తండా సగం దిగింది. తలకు నూనె రాసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, పిల్లలకు పౌడర్లు పూసి. బద్యా భార్య సైదమ్మ అయితే పెళ్ళికి దాచుకున్న చీర కట్టుకొచ్చింది. అందరూ గట్టు మీద వరసగా నిటారుగా నిలబడి కెమెరా వంక చూశారు. నడవమంటే నడిచారు, అదీ తల పైకెత్తి, గణతంత్ర దినం పెరేడ్‌లా. నవ్వలేక చచ్చాను.

"పని చేస్తున్నట్టు ఉండండి" అన్నాను.

"పని జేస్తే చీర ఖరాబు గాదా" అంది సైదమ్మ.

నిజమే అనిపించింది. వందలకొద్దీ ఫోటోలు వచ్చాయి. పందుల ఫోటోలు నా దగ్గర ముందే ఉన్నాయి. రాత్రి కూర్చుని నేర్పాను. మనిషిని పెట్టిన ప్రతిసారీ మనిషి అనే చెప్పింది. ఒక్క తప్పు కూడా లేదు. నాకు నేనే ముద్దొచ్చాను.

ఫిబ్రవరి 22

మొదటిది పడింది. పెద్ద మగపంది. ఫోన్‌లో చూశాను. ముట్టె తీగకు ఆనగానే నాలుగు కాళ్ళూ ఒకేసారి బిగుసుకుపోయాయి. అరవలేదు. పొగ వచ్చింది. కాసేపటికి కాళ్ళు మాత్రం ఇంకా పరిగెడుతున్నట్టు ఆడాయి.

అన్నయ్య నన్ను ఎత్తుకుని తిప్పాడు. చిన్నప్పటి తర్వాత ఇదే మొదలు. "నా చెల్లెలు" అని అందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. సాయంత్రం కూర వండించాడు. నేను కూడా తిన్నాను, బాగుంది.

ఫిబ్రవరి 23

ఆ వీడియో మళ్ళీ చూశాను. రికార్డింగు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవాలి కదా.

ఫిబ్రవరి 24

మళ్ళీ చూశాను.

మార్చి 4

ఆఫీసులో మేనేజరు గణేష్ అందరి ముందు నన్ను దులిపేశాడు. ఈ నెలలో రిలీజు, నా పని వెనకపడిందట. "పల్లెటూరి గాలికి నిద్ర ఎక్కువైనట్టుంది" అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు. కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టుంది నా సంగతి. ల్యాప్‌టాప్ మూసి పాకలోకి వెళ్ళి బస్తాను చీరేశాను. ఊకంతా కాళ్ళ మీద రాలింది. బద్యా కొత్త గోనెసంచి కుట్టి ఇచ్చాడు, ఎందుకని అడగకుండా.

పందులు ఇప్పటికి నాలుగు పడ్డాయి. తీగంటే అందరికీ భయం పోయింది. పగలు మేకలు దాని కిందుగా దూరుతున్నాయి. ఇవాళ సైదమ్మ వాగులో ఉతికిన చీర తెచ్చి ఆ తీగ మీదే ఆరేసింది.

"మనుషులను కొట్టని తీగ పాపా నీది. ఊరు మొత్తం గిట్లాంటిదే కట్టుకుంటే అయిపాయె" అంది.

గణేష్ ఇక్కడికి వచ్చి ఈ మాట వినాలి.

మార్చి 12

పందులు పడ్డాయి, కానీ తీగకు కాదు, చేలోకి. ఆరేడు దూరాయి. పొద్దున చూస్తే గుండె చెరువైంది. కంకులు నమిలి ఉమ్మేసిన చోటల్లా బురద.

వీడియోలు చూస్తే సంగతి తెలిసింది. పంది అని నూటికి ఎనభై నమ్మకం కుదిరితేనే కరెంటు ఇవ్వమని పెట్టాను. చీకట్లో, మొక్కల చాటున, వాటికి డెబ్బై, అరవై ఐదు వచ్చాయి. మిషన్ వాటిని చూస్తూ ఊరుకుంది.

అన్నయ్య ముందు బద్యా మీదకు పోయాడు, కాపలా కాయలేదని. బద్యా మెడ పట్టి బురదలోకి తోశాడు. నేను మధ్యలోకి వెళ్తే నన్నూ ఒక్క నెట్టు నెట్టాడు. "నీ బొమ్మలాట వల్లే పంట పోయింది. మామూలు తీగ కట్టి ఉంటే ఒక్కటి బతికేది కాదు. రేపటి నుంచి నేరుగా కరెంటు పెడతా" అన్నాడు.

నేరుగా పెడితే మనుషులు చస్తారు. అందుకే నంబరు తగ్గించాను. ఎనభై నుంచి అరవైకి. మనుషుల కోసమే తగ్గించాను.

మార్చి 13

రెండు పడ్డాయి. ఒకటి సూడిది.

మార్చి 18

ఇప్పపువ్వు రాలడం మొదలైంది. గట్టంతా ఆ తీపి వాసన. మా గట్టు మీద పెద్ద ఇప్పచెట్టు ఒకటుంది. గట్టు మాది, చెట్టు మీద పువ్వు మాత్రం బద్యా వాళ్ళది. వాళ్ళ తాతల నాటి నుంచి అంతే. ఏ ఇంటి చెట్టు ఆ ఇంటివాళ్ళే ఏరుకోవాలి, ఒక ఏడు ఏరకుండా వదిలేస్తే ఆ చెట్టు ఇంకొకరిది అవుతుంది. ఇదేమీ కాగితాల మీద లేదు, కానీ దీనికోసం తలలు పగిలిన రోజులున్నాయి.

పొద్దున టీ తాగుతూ వీడియోలు తిప్పుతుంటే ఒకటి దగ్గర ఆగిపోయాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. చెట్టు కింద నల్లగా, గుండ్రంగా ఒకటి నేల మీద మెల్లగా జరుగుతోంది. మిషన్ దాని చుట్టూ ఎర్రగీత గీసి పంది అని రాసింది, అరవై ఎనిమిది. తీగలోకి కరెంటు వెళ్ళింది. అప్పుడు ఆ గుండ్రటిది లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి విరుచుకుంది. సైదమ్మ. మిషన్ వెంటనే మనిషి అని మార్చింది. కరెంటు పోయింది. సైదమ్మ మళ్ళీ వంగింది. మళ్ళీ పంది.

అరగంట సేపు అలాగే. వంగితే పంది, లేస్తే మనిషి. తీగకు ఆమె మూరెడు దూరంలో ఉంది.

నేను నేర్పిన ఫోటోల్లో వంగిన మనిషి ఒక్కడూ లేడు. అందరూ ఫోటోకు నిలబడ్డారు. నేనే నిలబెట్టాను.

అన్నయ్యతో చెప్పాను. "కోతకు పది రోజులు కూడా లేదు. ఇప్పుడు ఆపితే మిగిలింది కూడా పోతుంది. దాన్ని రావద్దని చెప్పు" అన్నాడు.

తండాకు వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. బద్యా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి మంచం వాల్చాడు. మనిషిని గుర్తు పట్టదు అని ఆయన ముందు ఎలా చెప్పను? మాట ఇచ్చానే. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"సైదమ్మా, చెట్టు దగ్గర తాచు తిరుగుతోంది. కెమెరాలో చూశాను. నాలుగు రోజులు రావద్దు."

సైదమ్మ నవ్వింది. "పాముకు భయపడితే అడివిల బతుకుతమా పాపా? కట్టె తెచ్చుకుంట."

శనివారం రిలీజు ఉంది, ఆదివారం దాకా ఆగాలి. ఆదివారం కూర్చుని వంగిన మనుషుల ఫోటోలు నేర్పేస్తాను.

మార్చి 19

వచ్చింది. కట్టె తెచ్చుకుంది. ఏమీ కాలేదు.

మార్చి 20

ఏమీ కాలేదు. తీగ ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఊరికే ఎందుకు ముట్టుకుంటుంది?

రాత్రి రెండింటి దాకా ఆఫీసు పని.

మార్చి 21

నంబరు మళ్ళీ ఎనభైకి మార్చాను. గంట తర్వాత పందులు దూరాయని అన్నయ్య తలుపు బాదాడు. తలుపు గడియ ఊడిపోయింది. మళ్ళీ అరవై చేశాను.

మార్చి 22, శనివారం

రిలీజు అయింది. గణేష్ మెచ్చుకున్నాడు. రేపు ఆదివారం, పొద్దున్నే లేచి మొదట ఆ పనే.

మార్చి 23

సైదమ్మ చనిపోయింది.

మార్చి 24

నిన్న నిద్రలేచేసరికి అన్నయ్య తీగకు కరెంటు తీసేసి పొలం నుంచి వచ్చేశాడు. ముఖం చూడగానే తెలిసింది. పరిగెత్తాను.

చెట్టు కింద పడి ఉంది. బోర్లా. కుడిచెయ్యి తీగ మీద. కొంగు నిండా ఏరిన పువ్వు చిందరవందరగా. అరచెయ్యి నల్లగా కాలి వేళ్ళు ముడుచుకుపోయాయి. కట్టె పక్కనే ఉంది. వీడియోలో చూశాను తర్వాత. వంగి ఏరుకుంటూ తీగ దాకా వచ్చింది, అవతల పడ్డ పువ్వు కోసం తీగను ఒక చేత్తో పైకెత్తింది. మనుషులను కొట్టని తీగ కదా.

నేను అన్నయ్య ముఖం మీద గుద్దాను. ఇన్నాళ్ళూ బస్తా మీద నేర్చుకున్నదంతా ఆ గుద్దులో ఉంది. ముందరి పన్ను ఊడి గడ్డిలో పడింది. ఇంకోటి వేయబోతే వాడు నా జుట్టు చుట్టి పట్టుకుని చెట్టుకేసి తలను కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. ఇద్దరం సైదమ్మ పక్కనే ఆ పువ్వుల్లో పడి దొర్లాడుతూ కొట్టుకున్నాం. ఏం మనుషులం మేము.

అలసిపోయాక అన్నయ్య నోటి నెత్తురు ఉమ్మి మెల్లగా చెప్పాడు. "బద్యా మిర్చి లోడుతో ఖమ్మం యార్డుకు వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాని రాడు. గుండె ఆగిపోయిందని చెబుదాం. తీగ కట్టింది బద్యా. కేసైతే మొదట లోపలికి పోయేది వాడే. తెలుసా నీకు? వాణ్ని కాపాడాలంటే నోరు మూసుకో."

బద్యాను కాపాడాలంటే. ఆ మాటతో నాకు ఊతకర్ర దొరికినట్టయింది. నోరు మూసుకున్నాను.

సాయంత్రానికల్లా కట్టెల మీదకు చేర్చారు. ఎండలో ఉంచొద్దని అన్నయ్యే తొందరపెట్టాడు, కట్టెలు కూడా మా దొడ్లోవే పంపాడు. బద్యా ఏడవలేదు. ఆమె చెయ్యి విప్పి చూశాడు, మళ్ళీ మూసి గుండె మీద పెట్టాడు. తల ఎత్తి నా నుదుటి మీది బొప్పిని చూశాడు.

మార్చి 25

వీడియో తీసేయమన్నాడు అన్నయ్య. తీసేశానని చెప్పాను. తీయలేదు.

మిషన్ మళ్ళీ పెట్టాడు. నిన్న రాత్రి ఆపితే పందులు దిగాయట. "పోయినామె ఎలాగూ రాదు, పంటైనా దక్కనీ" అన్నాడు. నాన్న అవునన్నట్టు తల ఊపి, పెరుగు వేయమన్నాడు. నేనే వేశాను. వాళ్ళతో పాటే కూర్చుని తిన్నాను కూడా. నా మీద నాకు పుట్టే అసహ్యాన్ని రాయడానికి మాటలు లేవు.

మార్చి 26

రాయాలని లేదు. అయినా రాయాలి.

పొద్దున్నే, ఇంకా మసక వెలుతురు. తండా వాళ్ళు పొలంలోకి దిగారని ఎవరో వచ్చి చెప్పారు. అన్నయ్య పరిగెత్తాడు, వెనకే నేను. ముప్పై మంది దాకా ఉన్నారు, తీగకు కరెంటు వెళ్ళే మోటారు గది దగ్గర, గట్టుకు ఇవతల. ముందు బద్యా, పక్కన సైదమ్మ తమ్ముడు జైరాం.

"కృష్ణబాబూ, మా అక్క చెయ్యి కాలింది. గుండె ఆగితే చెయ్యి ఎందుకు కాల్తది?" జైరాం అడిగాడు.

"పొయ్యి దగ్గర కాలి ఉంటుంది. నన్నడుగుతావేంటి?"

"తీగల కరెంటు ఉన్నది."

"లేదు."

అన్నయ్య గట్టు దాకా నడిచి తీగను పిడికిలితో పట్టుకున్నాడు. నిటారుగా నిలబడి. అందరూ చూస్తున్నారు. ఏమీ కాలేదు. జైరాంను పిలిచి వాడి చెయ్యి పట్టి తీగ మీద పెట్టాడు. ఏమీ కాలేదు. ఇంకో ఇద్దరు వచ్చి ముట్టుకున్నారు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

"లేదు కద బావా. పోదాం పా" అన్నాడు జైరాం, కళ్ళు దించుకుని.

అన్నయ్యకు ధైర్యం వచ్చింది. బద్యా గుండెల మీద చెయ్యి వేసి నెట్టాడు. "పెళ్ళాం చస్తే కట్టెలిచ్చాను. నా పొలంలోకే మందను తోలుకొస్తావా? విశ్వాసం లేని కుక్క." బద్యా పడబోయి నిలదొక్కుకున్నాడు. అన్నయ్య వంక చూడలేదు. నా వంక చూశాడు.

"పాపా, మిషన్ నీది. నువ్వు చెప్పు."

చెప్పాలనుకున్నాను. గొంతు దాకా వచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు, అన్నయ్య కూడా. నోరు పెగల్లేదు. ఇక్కడ నిజం రాయాలి. నేను ఆ తర్వాత చేసింది ధైర్యం కాదు. నోటితో చెప్పే ధైర్యం లేక చేసింది.

గట్టు ఎక్కి ఇప్పచెట్టు కిందికి వెళ్ళాను. మూడు రోజులుగా ఎవరూ ఏరని పువ్వు నేలంతా పరుచుకుని ఉంది, చీమలు పట్టి. మోకాళ్ళ మీద కూర్చున్నాను. తర్వాత పూర్తిగా వంగాను. చున్నీలోకి ఏరడం మొదలుపెట్టాను. ఒక్కో పువ్వే ఏరుకుంటూ తీగ వైపు జరిగాను. వెనకాల ఎవరో "ఏం జేస్తుంది పాప" అన్నారు.

చెట్టుకు కట్టిన పెట్టెలో టక్ మని చిన్న చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. నా చేత్తో బిగించిన స్విచ్చి అది. పెట్టె మీద ఎర్రలైటు వెలిగి ఉంటుంది. అది చూడటానికి తల ఎత్తలేదు, ఎత్తితే మనిషినైపోతాను. చెయ్యి చాచాను.

"మనూ, చెయ్యి తియ్యి. ముట్టుకోకు."

అన్నయ్య అరుపు అడవి దాకా వినపడి ఉంటుంది. అరుస్తూనే మోటారు గదిలోకి దూకాడు. ఫీజు పీకేశాడు. రొప్పుతూ బయటికి వచ్చాడు, ఫీజు చేతిలోనే ఉంది.

అందరూ ఆ ఫీజు వంకే చూశారు. అన్నయ్య కూడా చూసుకున్నాడు.

"లేదంటివి కద" అన్నాడు జైరాం.

తర్వాత వాళ్ళు మీద పడ్డారు. మొదటి దెబ్బ జైరాందే, ముఖం మీద. కింద పడ్డాక కాళ్ళు, కర్రలు. ఆడవాళ్ళు కూడా. అన్నయ్య తల చేతులతో కప్పుకుని ముడుచుకుపోయాడు. బద్యా తీగ కట్టిన గుంజ ఒకటి నేలలోంచి పీకి మెల్లగా నడిచి వచ్చాడు. అందరూ దారి ఇచ్చారు. ఒకే ఒక్క దెబ్బ వేశాడు, మోకాలి మీద. ఎముక విరిగిన చప్పుడు నాకు చెట్టు కింద దాకా వినిపించింది. అన్నయ్య అరుపు విని పాకలో గొడ్లు కూడా అరిచాయి. బద్యా గుంజ మళ్ళీ ఎత్తి, తల పైన పట్టుకుని, అలాగే నిలబడిపోయాడు. పక్కకు విసిరేసి మట్టిలో కూలబడ్డాడు. అప్పుడు ఏడ్చాడు.

నేను ఆపమని అన్నాను. ఒక్కసారే అన్నాను, అదీ గట్టిగా కాదు. లేవలేదు. చున్నీలో పువ్వు పట్టుకుని అలాగే ఉన్నాను.

అన్నయ్య నన్ను బతికించుకోవడానికే పరిగెత్తాడు. పరిగెత్తుతాడని నాకు తెలుసు. తెలిసే వంగాను. వాడు ఎంత దుర్మార్గుడైనా నా మీద ప్రాణం. ఆ ప్రాణాన్నే పట్టి వాణ్ని వాళ్ళ కాళ్ళ కింద పడేశాను. తప్పని అనిపించడం లేదు. ఏడుపు మాత్రం ఆగడం లేదు.

మార్చి 27

అన్నయ్య దవాఖానాలో ఉన్నాడు. మోకాలు పనికిరాదన్నారు. నన్ను చూసి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నాన్న గది బయట నన్ను ఆపి, "నా ఇంట్లో అడుగు పెట్టకు" అన్నాడు. సరేనన్నాను.

అక్కడి నుంచి స్టేషన్‌కు వెళ్ళి వీడియో ఉన్న ఫోన్ ఎస్సై బల్ల మీద పెట్టాను. తీగ కట్టింది ఎవరని అడిగాడు.

"కట్టింది బద్యా. కట్టించింది మేము. కరెంటు ఎప్పుడు రావాలో చెప్పింది నేను."

ఆఖరి ముక్క ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. రాసుకునే కానిస్టేబులు మధ్యలో ఆగి, "అంటే స్విచ్చి వేసింది ఎవరమ్మా?" అన్నాడు. నేనే అని రాయించాను. బయట బెంచీ మీద కూర్చోమన్నారు.

అదే బెంచీకి ఆ చివర బద్యా ఉన్నాడు. చేతికి బేడీ, బేడీ గొలుసు కిటికీ ఊచకు. అన్నయ్యను కొట్టిన కేసు. క్షమించమని అడగాలనుకున్నాను, అడిగితే ఆయన సరేనంటాడేమోనని భయం వేసింది.

"పాపా, ఒక్కటి అడుగుత" అన్నాడు చివరికి. "ఆ పొద్దు నీ మిషన్ సైదమ్మను ఏమనుకున్నది?"

"పంది అనుకుంది."

తల ఊపాడు.

"మనిషి అనుకోవాలంటే ఏం జెయ్యాలె?"

"నిలబడాలి బద్యా. నిలబడి ఉంటే మనిషి అంటుంది."

"నిలవడి ఇప్పపువ్వు ఎట్ల ఏరుతరు పాపా?" అన్నాడు. కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు.